రేకు కింద కోడి బతకదు

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం పల్లెల్లో ఏ మాలవాడకు పోయినా, ఏ మాదిగవాడకు పోయినా ఒకటే మాట. పొద్దున తిరిగిన కోడి సాయంత్రానికి చచ్చిపడి వుంది. ఎండదెబ్బ అంటారు. మన కర్మ అంటారు. ఎవరి కన్నో పడింది అంటారు. అంతటితో ఆ మాట అయిపోతుంది. రెండు రోజుల తర్వాత ఇంకో కోడి పోతుంది.

మేము దీన్ని కర్మ అని ఒప్పుకోము. ఎండ అందరి మీదా ఒకే తీరుగా కాస్తుంది, నిజమే. అయితే ఊళ్ళో చింతచెట్టు కింద, గడ్డివాము పక్కన తిరిగే కోడికి ఒక ఎండ. చెట్టు లేని గరుసు నేల మీద, కాలనీలో, సిమెంటు రేకు వేసిన డబ్బాలో మూసిన కోడికి ఇంకో ఎండ. భూమిని పంచుకున్నట్టే నీడను కూడా పంచుకున్నారు. వాడ వంతుకు నీడ రాలేదు. అందుకే కోళ్ళగూడు గురించి ఈ పత్రికలో రాస్తున్నాం. "పెద్ద సమస్యలుండగా కోళ్ళ సంగతేంది" అని నవ్వే కార్యకర్తలు ముందు ఇది చదవండి, తర్వాత నవ్వండి.

కోడి ఎవరిది?

మన ఇళ్ళల్లో భూమి వుంటే అది మగవాని పేరు మీద వుంటుంది. ఎద్దులున్నా, గొర్రెలున్నా సంతలో బేరం చేసేది మగవాడే. కోడి ఒక్కటే ఆడమనిషి చేతికింద వుంటుంది. గుడ్లమ్మిన డబ్బుకు ఆమెను ఎవరూ లెక్క అడగరు. బిడ్డకు నోటుపుస్తకం, ఆస్పత్రికి బస్సు చార్జీ, పొదుపు సంఘం కంతు, అన్నీ ఆ కోళ్ళ మీదనే. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. అయినా తానే పొదుగుతుంది, తానే పిల్లల్ని సాకుతుంది, దిబ్బ మీద గింజ ఏరుకుని బతుకుతుంది. బ్రాయిలర్ కన్నా దాని మాంసానికి ఎప్పుడూ ఎక్కువ ధరే.

మన సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ విత్తితే పెట్టుబడి కూడా రాని ఏళ్ళు ఎన్ని చూడలేదు? వాన లేని ఏట పంట పోతుంది, కూలి పోతుంది. కోడి మాత్రం వానను నమ్ముకుని లేదు. కరువు కాలంలో చేతిలో వున్న చివరి రూపాయి అది. ఆ రూపాయిని ఎండకు వదిలేస్తే ఎట్లా?

ఒక్క సంగతి మరవొద్దు. తెలంగాణలో వెట్టి నడిచిన రోజుల్లో దొరకు, క్యాంపుకు వచ్చిన అధికారికి మనవాళ్ళు కోళ్ళు ఊరికే అప్పజెప్పాల్సి వచ్చేది. పేదల గూట్లో కోడి వుందంటే దాని మీద పెద్దోళ్ళ కన్ను వుండేది. పోరాడి ఆ కోడిని మనదిగా చేసుకున్నాం. ఇప్పుడు దాన్ని రేకు కింద పెట్టి మన చేతులతో మనమే చంపుకుంటున్నాం.

ఎండకు కోడి ఎందుకు చస్తుంది?

మనిషికి చెమట పడుతుంది. ఆ చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. కోడికి చెమట గ్రంథులే లేవు. పైగా దాని ఒళ్ళు మామూలుగానే 41, 42 డిగ్రీల వేడి వుంటుంది. గాలి 30 డిగ్రీలు దాటిందంటే అది నోరు తెరిచి ఒగర్చటం మొదలుపెడుతుంది. రెక్కలు దూరంగా పెట్టి నిలబడుతుంది. మేత మానేసి నీళ్ళకోసం తిరుగుతుంది. ఒగర్చి ఒగర్చి గుడ్డు పెంకు కూడా పలచనవుతుంది. గాలి వేడి దాని ఒంటి వేడి దాకా వచ్చిందంటే లోపలి వేడి బయటికి పోయే దారి ఇంక ఒగర్పు ఒక్కటే. ఆ ఒగర్పు సాగాలంటే గాలి ఆడాలి, నీళ్ళుండాలి. రెండూ లేని చోట కోడి పడిపోతుంది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్ లో వెయ్యి మందికి పైగా మనుషులే చనిపోయారు. చెమట పట్టే మనిషికే ఆ గతి అయితే చెమట పట్టని జీవి మాట చెప్పేదేముంది?

ఇప్పుడు మన గూళ్ళు చూడండి. నాలుగు సిమెంటు ఇటుకలు పేర్చి, మూడడుగుల ఎత్తున ఒక రేకు కప్పి, ముందర ఒక పలక అడ్డం పెడతాం. కుక్కకు, జంగపిల్లికి భయపడి చీమ దూరే సందు కూడా వుంచం. రేకు ఎండకు కాగి, ఆ కాక కింద కూర్చున్న కోడి వీపు మీదికే దిగుతుంది. పొద్దుగూకినాక కూడా ఇటుక గోడ పగలు తాగిన వేడిని రాత్రంతా లోపలికే వదుల్తుంది. పది కోళ్ళ ఊపిరి వేడి దానికి తోడు. మూత పెట్టిన పెనం అది. గూడు అనటానికి లేదు.

కంపెనీ బ్రాయిలర్ షెడ్లకు కూడా రేకులే కదా అని కొందరు అడుగుతారు. ఆ షెడ్డు ఎత్తు చూడండి. నిడుపు పక్కలు రెండూ జాలీతో తెరిచి పెట్టింది చూడండి. రేకు మీద సున్నం, పైన నీళ్ళు చిమ్మే పైపు, లోపల ఫ్యాను, తుంపర గొట్టం వుంటాయి. కరెంటు బిల్లు కట్టే డబ్బు వాళ్ళకుంది. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది తూర్పు పడమరలుగా కట్టటం, గాలికి పక్కలు వదలటం. మనం మాత్రం రేకు ఒక్కటి నేర్చుకుని మిగతాది వదిలేశాం.

మన తాతల ఇంటి కప్పు

మన సీమలో చౌడుమన్ను కప్పిన మట్టిమిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలిచి వున్నాయి. మే నెల మధ్యాహ్నం అందులో అడుగు పెట్టండి, తేడా తెలుస్తుంది. బోదగడ్డి కప్పిన కొట్టంలో కూర్చోండి. మందపాటి గడ్డి ఎండను లోపలికి రానియ్యదు, వేడిని పట్టి వుంచుకోదు. పేదరికం గుర్తు అని మనం తీసేసిన కప్పే కోడికి మంచి కప్పు. మనిషికి పక్కా ఇల్లు అడుగుదాం, అది మన హక్కు. కోడికి మాత్రం గడ్డికప్పే పక్కా ఇల్లు.

గూడు ఎట్లా కట్టాలి?

పది పెట్టలకు, ఒక పుంజుకు సరిపడే గూడు లెక్క చెబుతాం. నిడివి 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు. రాత్రి పడుకునేందుకు కోడికి ఒక చదరపు అడుగు చాలంటారు. మన ఎండకు ఒకటిన్నర వుంటేనే మేలు. ఒకదానికొకటి ఒరుసుకుని పడుకుంటే వేడి పెరుగుతుంది.

నిడుపు తూర్పు పడమరలుగా వుండాలి. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంకాలపు ఎండ పొట్టి గోడల మీదనే పడతాయి. ఆ రెండు పొట్టి గోడలను మట్టితోనో, కందికట్టె తడికకు పేడమట్టి మెత్తో మూసెయ్యండి. ఉత్తరం, దక్షిణం పక్కలు మాత్రం మూయొద్దు. వెదురు దబ్బలు గానీ, అరంగుళం కన్నున్న ఇనప జాలీ గానీ కొట్టండి. జాలీ కన్ను పెద్దదైతే పాము, ముంగిస దూరతాయి. గాలికి మాత్రం మన దగ్గర కరువు లేదు. రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే కదా. కంపెనీలు అమ్ముకునే గాలి మన కోడికి ఊరికే దొరుకుతుంది, అడ్డం గోడ కట్టకుంటే చాలు.

గూడును నేల మీద పెట్టొద్దు. నాలుగు రాతి కూసాలు పాతి, రెండడుగుల ఎత్తున నిలబెట్టండి. తాడిపత్రి బండల ముక్కలు, పాత కంచె కూసాలు మన దగ్గర దొరకనివి కావు. అడుగున వెదురు దబ్బలు వేలు సందు వుండేట్టు పరిస్తే రెట్ట కిందికి రాలుతుంది, గాలి కిందినుంచి కూడా ఆడుతుంది. రాలిన రెట్ట ఎరువుకు పనికొస్తుంది. లోపల బొటనవేలు కన్నా లావుగా వుండే బొంగు ఒకటి అడ్డంగా కట్టండి. కోడి పైకెక్కి పడుకునే జీవి. ఒక్కో కోడికి జానెడు చోటు చాలు.

కప్పు అన్నింటికన్నా ముఖ్యం. ఎందుకో చెబుతాం. ఏప్రిల్ నెలాఖరుకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన వుంటాడు. మే, జూన్, జూలైలో కొంచెం ఉత్తరానికి వాలి, ఆగస్టు రెండో వారంలో మళ్ళీ నడినెత్తికి వస్తాడు. అంటే ఎండాకాలమంతా మధ్యాహ్నపు ఎండ గోడ మీద కన్నా కప్పు మీదనే పడుతుంది. గోడకు పెట్టే డబ్బు కప్పుకు పెట్టండి. అరడుగు మందాన బోదగడ్డి కప్పండి. చూరు ఉత్తరానికి, దక్షిణానికి రెండడుగులు బయటికి రావాలి. నడుమ కప్పు నాలుగడుగుల ఎత్తుండి, కొప్పు దగ్గర బెత్తెడు సందు వదిలితే వేడిగాలి పైకి పోతుంది. ఆ సందు మీద వానకు చిన్న టోపీ పెట్టండి. జూన్ గాలికి కప్పు ఎగిరిపోకుండా తాడు కట్టి, రాయి వేలాడదీయండి.

రేకు వేసేసినవాళ్ళు తీసి పారెయ్యక్కర్లేదు. రేకు మీద జానెడు ఎత్తున కట్టెలు అడ్డం పెట్టి, దానిపైన కందికట్టెనో, జొన్నచొప్పనో పరవండి. రెండు కప్పుల నడుమ గాలి ఆడితే కింది రేకు కాగదు. అదీ కుదరకుంటే రేకుకు రెండు పూతలు చిక్కటి సున్నం కొట్టండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. సున్నం ఉగాది లోపల కొట్టాలి, వానలకు కరిగితే మళ్ళీ కొట్టాలి.

గడ్డికప్పుకు ఒక ప్రమాదం వుంది, దాచిపెట్టం. ఎండాకాలం నిప్పురవ్వ చాలు. పొయ్యికి, ఇంటి చూరుకు దూరంగా కట్టండి. గోమార్లు, నల్లులు గోడ పగుళ్ళలో, గడ్డిలో దాక్కుని రాత్రిళ్ళు కోడి రక్తం తాగుతాయి, జబ్బులు తెస్తాయి. మూడు నెలలకొకసారి గోడకు పేడమట్టి, సున్నం పూసి పగుళ్ళు మూయండి. ఏడాదికి గడ్డి మార్చండి. గూటి పక్కన ఒక గుంటలో బూడిద, సన్నటి మన్ను పోసి పెడితే కోడి తానే పొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటుంది.

గూడు రాత్రికి, నీడ పగటికి

చాలామంది చేసే పని ఒకటుంది. ఎండ ఎక్కువని మధ్యాహ్నం కోళ్ళను గూట్లో మూస్తారు. గూడు రాత్రి నిద్రకు మాత్రమే. పగలు కోడికి కావల్సింది గాలాడే నీడ. వేప, కానుగ వుంటే అదృష్టం. లేకుంటే గూటి మీదుగా పందిరి వేసి సొరతీగ, చిక్కుడుతీగ పాకించండి. గిన్నెలు కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోయండి. తీగ నీడకు నీడ, కూరకు కూర. పక్కన ఒక మునగకొమ్మ నాటితే ఏడాది తిరిగేలోపల అదీ నీడనిస్తుంది. పిల్లలకోడిని గంప కింద మూస్తే ఆ గంప ఎండలో వుండకుండా చూడండి. పొద్దు జరిగే కొద్దీ గంపను జరపండి.

నీళ్ళు మూడు చోట్ల, నీడలో, మట్టిచట్టిలో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు కాగితే కోడి ముట్టదు. మామూలు రోజుల్లో తిన్నదానికి రెట్టింపు నీళ్ళు తాగే కోడి, ఎండాకాలం ఇంకా ఎక్కువ తాగుతుంది. గాలి వచ్చే పక్కన తడిపిన గోనెపట్ట వేలాడదీస్తే లోపల చల్లబడుతుంది. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఇది పనిచేస్తుంది. ఉక్కపోసే రోజు పట్ట తీసెయ్యండి. గింజలు పొద్దున్నే, మళ్ళీ చల్లబడినాక వెయ్యండి. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఎండ నడినెత్తిన వున్నప్పుడు ఆ వేడి కూడా తోడైతే కోడి తట్టుకోలేదు. పొదిగించే గుడ్లను తడి ఇసుకలో పెట్టిన కుండలో దాచండి, ఎండకు చెడవు.

జాతి సంగతి కూడా ఒక మాట. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ అవి పొదగటం తక్కువ. వనరాజా బరువు కోడి, ఎండకు తొందరగా అలిసిపోతుంది. మెడ మీద ఈకలు లేని నాటుకోడి ఎండకు బాగా ఓర్చుకుంటుంది. అందవికారమని దాన్ని ముందు కోసెయ్యొద్దు.

కొక్కెర తెగులు టీకా వేసవికి ముందే వేయించండి. ఒక సీసా మందు వంద కోళ్ళకు పైగా వస్తుంది, కలిపినాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. ఒక్క ఇంటికోసం సీసా తెరవరు. అందుకే వాడంతా ఒకే రోజు, తెల్లవారుజామున కోళ్ళను పట్టి పెట్టాలి. సంఘం వుండేది ఇట్లాంటి పనికే.

పెరడు లేని పట్టా

గూడు కట్టటం మన చేతిలో పని. గూడు పెట్టే చోటు సర్కారు చేతిలో వుంది. 2020 డిసెంబరులో పంచిన ఇళ్ళ పట్టాల్లో పల్లెల్లో ఒక కుటుంబానికి సెంటున్నర ఇచ్చారు. అంటే 72 గజాలు. అందులో గది, వంటచోటు, బాత్రూం పోను కోడికి చోటెక్కడ? చెట్టుకు చోటెక్కడ? 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంది. ఇచ్చేది ఊరికి మైలు దూరాన, చెట్టు మొలవని గుట్ట కింద అయితే ఆ మూడు సెంట్లూ రేకు కిందికే వస్తాయి. లేఅవుటు గీసేవాడు రోడ్డు గీస్తాడు, కాలువ గీస్తాడు, పెరడు గీయడు. పేదవానికి పడుకోను చోటుంటే చాలనుకుంటాడు. ఆ పెరట్లోనే ఆడమనిషి సంపాదన వుందని వానికి తెలీదు. తెలిసేట్టు మనం చెప్పాలి.

పథకాల సంగతీ అంతే. జాతీయ పశుగణ మిషన్ లో 2021 నుంచి నాటుకోళ్ళ యూనిట్ కు 50 శాతం సబ్సిడీ, 25 లక్షల దాకా ఇస్తామన్నారు. దానికి కనీసం వెయ్యి తల్లికోళ్ళు, హేచరీ వుండాలి. భూమి వుండాలి, బ్యాంకు అప్పు పుట్టాలి. పది కోళ్ళ మనిషికి ఆ కాగితంలో చోటు లేదు. నాటుకోడి పేరు మనది, సబ్సిడీ భూమి వున్నోనిది.

ఇంకోటి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలయ్యింది. ఆ చట్టం పనుల జాబితాలో పేద కుటుంబాలకు కోళ్ళ షెడ్డు కట్టించటం కూడా వుండింది, ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు ముందు చెయ్యాలని వుండింది. మన వాడల్లో ఎంతమందికి ఆ మాట చెప్పినారు? 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టం పేరు మారినా మన అవసరం మారలేదు. ఊరి పనుల జాబితా రాసే గ్రామసభకు పోయి కోళ్ళగూడు రాయించాలి. ఎస్టిమేటులో ఇటుక గోడ, రేకు కప్పు రాస్తే ఒప్పుకోవద్దు. రాతికూసాలు, వెదురు, బోదగడ్డి, మన కూలీల పనిదినాలు రాయమని అడగండి. డబ్బు కంట్రాక్టరుకు పోకుండా వాడలోనే వుంటుంది.

మిత్రులారా, శివరాత్రి పోతే ఎండ మొదలు. అంతలోపల ప్రతి వాడలో సంఘం ఒక నమూనా గూడు కట్టాలి. మగవాళ్ళు కూసాలు పాతండి, ఎక్కడ పాతాలో ఆడవాళ్ళను అడిగి పాతండి. కోళ్ళు పోయిన ఇంటికి పెట్టనిచ్చి ఆదుకోండి. ఉమ్మడి తూర్పుగోదావరి ఏజెన్సీలో ఆదివాసీ ఆడవాళ్ళు పెట్టను వాటాకు ఇచ్చుకుంటారు, పిల్లలు పెరిగినాక పంచుకుంటారు. మన దగ్గర పాలుకు ఇచ్చే పద్ధతీ అదే. వడ్డీ వ్యాపారి ఇంటికి పోకుండా ఒక కుటుంబం నిలబడుతుంది.

కొత్త కాలనీకి స్థలం చూపించటానికి అధికారులు వచ్చినప్పుడు ఇంటి కొలత ఒక్కటే అడిగి వూరుకోవద్దు. పెరడెంత, చెట్టెక్కడ, నీళ్ళెక్కడ అని అడగండి. కోడికి చాలని చోటు మనకు ఎట్లా చాలుతుంది?